నడివయసున పెరుగు నడుము



గడచిన మాసము ప్రొద్దుటూరునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారికి 49 ఏండ్లు. ముట్లుడిగి ఏడాదిన్నర యైనదట. “తినునది పెరుగలేదు, చేయు పని తరుగలేదు, అయినను నిరుడు కుట్టించిన రవికలు ఈ యేడు పట్టుటలేదు. పొట్ట మాత్రము ముందునకు వచ్చినది. ఏకాదశికి తోడు శనివారము, గురువారముకూడ ఉపవాసముండ దలచినాను. మంచిదేనా?” అని వారి ప్రశ్న. ఇట్టి జాబులు ఇదివరకును వచ్చినవి. సిగ్గుచేత పేరు వ్రాయక పంపినవారును కలరు. సిగ్గుపడవలసిన దిందులో ఏమియు లేదు. కావున ఈ నెల దీనిని గూర్చియే ముచ్చటింతము.

మేమింకను ఆ వయసునకు రాలేదు. మా వారు బడిపంతులగుటచే మా యింట పుస్తకములకు కొదువ లేదు. అయినను ఈ ప్రశ్నకు బదులు పుస్తకములకంటె ముందు మా పెద్దవదినగారి యనుభవమునుండి నేర్చుకొంటిమి.

వారు కర్నూలులో నుందురు. 48వ యేట ముట్లుడిగినవి. పిదప రెండేండ్లలో ఆరు కిలోల బరువు పెరిగిరి. ఒక పెండ్లిలో ఎవరో “ఏమమ్మా, మరల నెల తప్పినదా?” అని పరిహాసమాడిరి. ఆ మాట వారి మనసున ముల్లువలె నాటుకొన్నది. నాటినుండి రాత్రి భోజనము మానిరి. కొన్నాళ్లకు ఉదయపు ఫలహారమును మానిరి. వారమునకు మూడు దినములు కాఫీయే ఆధారము. నాలుగు మాసములలో ఎనిమిది కిలోలు తగ్గిరి. చూచినవారందరు మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి, అదియే నేటికిని మా మనసును బాధించుచున్నది. ఒకనాటి వేకువను పెరటిలో కాలుజారి, అరచేయి నేల కానించి పడిరి. ఎత్తునుండి పడలేదు, నిలుచున్నచోటనే పడిరి. అంతమాత్రమునకే మణికట్టు విరిగినది. పరీక్షించిన వైద్యురాలు, ఎముక పలుచబడినదనియు, తగ్గిన బరువంతయు కొవ్వు కాదు, అందులో కండయు పోయినదనియు చెప్పిరి. మరల అన్నము తినసాగిన యేడాదిలో పోయిన బరువంతయు తిరిగి వచ్చెను. పోయిన బలము మాత్రము అంత సులభముగ రాలేదు.

ఇట్లేల జరుగునో తెలిసికొందము. వరుసగా 12 మాసములు ముట్లు రాకున్నచో దానిని రజోనివృత్తి యందురు. మన దేశపు స్త్రీలకిది సాధారణముగ 46, 47 ఏండ్ల ప్రాంతమున వచ్చును. పడమటి దేశములవారికి 51 ప్రాంతమున. అప్పుడు అండాశయములలో ఈస్ట్రోజెను అను హార్మోను ఉత్పత్తి మిక్కిలి తగ్గిపోవును. అంతకుముందు తుంటికిని తొడలకును చేరు కొవ్వు ఇక పొట్టలో, ప్రేగుల చుట్టును చేరును. వయసుతోపాటు కండయు తరుగును. కండ తరిగినకొలది శరీరము వెచ్చించు శక్తి తగ్గును. కాబట్టి నిన్నటికి చాలిన తిండియే నేటి కెక్కువగును. ఒంటికి ఆవిరులు వచ్చి, చెమటలు పట్టి, నిద్ర చెడినచో ఆకలియు పెరుగును. ప్రొద్దుటూరు సోదరి “తినునది పెరుగలేదు” అనుట ముమ్మాటికి నిజము. ఆమె తిండిపోతు కాదు.

అట్లని ఉపేక్షింపను రాదు. పొట్టలో చేరిన కొవ్వు మధుమేహమునకు, రక్తపుపోటునకు, గుండెజబ్బునకు దారితీయును. మన స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అనగా సుమారు ముప్పదియొకటిన్నర అంగుళములు, దాటినచో జాగ్రత్తపడవలెనని వైద్యులు చెప్పుదురు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమందలి 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో మూడింట ఒకరికి మించి అధిక బరువు కలవారని తేలినది. ఇక రెండవ సంగతి. ముట్లుడిగిన తరువాతి ఐదారేండ్లలో ఎముక త్వరితముగ క్షీణించును. కొందరికి ఐదవవంతు వరకును పోవచ్చును. పస్తులున్నచో ఈ నష్టము మరింత పెరుగును. కనుక ఈ వయసున కొవ్వును తగ్గించుటతోపాటు ఎముకను, కండను కాపాడుకొనవలెను.

భగవద్గీత యారవ అధ్యాయమున, అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము కుదురదని కలదు. మన మొదటి సగమునే గుర్తుంచుకొని, రెండవ సగమును మరచుచున్నాము.

మరి ఏమి తినవలెను? చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము అతిస్థూలులను, అతికృశులను గూర్చినది. స్థూలులకు హితమని అందు చెప్పిన ధాన్యములను చూచి మేము ఆశ్చర్యపడితిమి. ప్రియంగువు, అనగా మన కొర్ర. కోద్రవము, అనగా ఆరిక. ముద్గము, అనగా పెసర. కులుత్థము, అనగా ఉలవ. ఇవన్నియు మన మెట్టచేలలో పండునవే గదా! తుంగభద్రపై సుంకేసులకడ మొదలగు కర్నూలు-కడప కాలువను 19వ శతాబ్దమున మదరాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వించిరి. 1882లో అది ప్రభుత్వము చేతికి వచ్చెను. దాని క్రింది పల్లెలకు వరి దగ్గరయైనది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట మెట్ట పల్లెలలోను తెల్లని అన్నమే నిత్యభోజనమైనది. ఆకలి తీరినది, అది సామాన్యమైన మేలు కాదు. కాని కొర్రన్నము, జొన్నరొట్టె, రాగిసంగటి వెనుకబడినవి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినప్పుడు, మన అవ్వలు తిన్న తిండినే లోకము పొగడుచున్నదని నవ్వుకొంటిమి.

అయితే ఒక హెచ్చరిక. కొర్ర తిన్నంతనే సన్నబడుదురనుట వట్టి మాట. తూకమునకు తూకము చూచినచో కొర్రలోను బియ్యములోను శక్తి ఇంచుమించు సమానమే. కొర్రలో పీచు హెచ్చు. కొంచెముతోనే కడుపు నిండును, ఆకలి ఆలస్యముగ వేయును. మేలంతయు అందులోనే కలదు. కావున విస్తరిలో సగము కూరలును ఆకుకూరలును, పావు పప్పు, ఉలవలు, పెరుగు వంటివి, మిగిలిన పావు అన్నమో సంగటియో ఉండునట్లు చూచుకొనుడు. కండ నిలుచుటకు పప్పును, పెరుగును, అలవాటున్నవారికి గ్రుడ్డును పూటపూటకు కావలెను. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము కలదు, ఎముకకది పుష్టి. ఊరుబిండి మనకు ప్రాణమే. కాని వేరుసెనగలో సగమునకు దగ్గరగా నూనెయే గనుక గుప్పెడుతో ఆపుడు. పెద్దచెంచాడు నూనెలో సుమారు 120 కెలోరీలు కలవు. ఉగ్గాని బజ్జీలు ఆదివారమునకు ఉంచుకొందము. రోజుకు నాలుగు కాఫీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర యైనచో నలుబది గ్రాములు తెలియకయే లోనికి పోవును.

ఇంకొక మాట. ఇంటి యిల్లాలు అందరికంటె చివర తిని, పారవేయుట పాపమని గిన్నెలో మిగిలినదంతయు ముగించును. మా వదినగారు బరువు పెరిగిన కారణములలో ఇదియు ఒకటి. మిగిలినదానిని పశువుకో పక్షికో పెట్టుడు. వండునప్పుడే ఒక పిడికెడు తగ్గించుడు.

పని విషయము. మన అవ్వలు తిరుగలి త్రిప్పిరి, రోకలి పోటువేసిరి, కడవలతో నీరు మోసిరి. అవి పోయినందుకు మేము విచారింపము. ఆ కష్టమును కోరుకొనువారెవ్వరు? కాని ఆ పనులతోపాటు భుజబలమును పోయినది. వారమునకు 150 నిమిషముల చురుకైన నడకయు, రెండు దినములైన కండలకు బలమిచ్చు వ్యాయామమును కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మనవైపు ఎండలు తెలిసినవే. తెల్లవారకముందు వీధిలోనో, మిద్దెపైననో నడువవచ్చును. చేతులు పట్టుకొనకయే కుర్చీలోనుండి పదిమార్లు లేచి కూర్చొనుట, గోడకు అరచేతులానించి త్రోయుట, లీటరు నీటిసీసాలను ఎత్తి దించుట—ఇవి చాలును. కీళ్లనొప్పులవారు వైద్యుని అడిగి ఆరంభింపవలెను.

వారమునకు అరకిలోకు మించి తగ్గ నుద్దేశింపకుడు. 70 కిలోలున్న ఆమె మూడున్నర కిలోలు తగ్గినను చక్కెరకును రక్తపుపోటునకును మేలే. పత్రికాప్రకటనలలోని పొడులను, మాత్రలను నమ్మకుడు. థైరాయిడు లోపమువలనను బరువు పెరుగును గనుక ఒకమారు రక్తపరీక్ష చేయించుకొనుడు. మధుమేహపు మందులు వాడువారు వైద్యునడుగక పస్తుండరాదు. ముట్లుడిగి ఏడాది దాటిన పిమ్మట ఒక్కచుక్క రక్తము కనబడినను సంకోచము విడిచి వెంటనే వైద్యురాలిని చూడవలెను.

ప్రొద్దుటూరు సోదరీ! భక్తితో ఏకాదశి నుండుటకు మేము అడ్డుచెప్పము. కాని దేహముపై కోపముతో చేయునది ఉపవాసము కాదు, శిక్ష. మీరు నేరమేమియు చేయలేదు. మా వదినగారు ఇప్పుడు ముప్పూటల మితముగ, అందరితోపాటు కూర్చుండి భుజించుచున్నారు. వేకువను మా అన్నగారును వారితో నడచుచున్నారు. ఏడాదిలో నాలుగు కిలోలు మాత్రమే తగ్గిరి. మొన్న మేము వెళ్లినప్పుడు విరిగిన ఆ చేతితోనే సంగటి కెలికి ముద్దలు చేసి వడ్డించిరి. ఈమారు మేము వారి నడుమును చూచి మెచ్చుకొనలేదు. ఆ చేతిని పట్టుకొని మెచ్చుకొంటిమి.

ఇంటనున్న కోడండ్రకును, కొమార్తెలకును ఒక్క మనవి. అత్తగారిని, అమ్మను నేడు మీతోపాటు కూర్చుండబెట్టి వడ్డింపుడు. వారి నడుమును గూర్చి పరిహాసమాడకుడు. ఆ వయసు మనకును రాగలదు.