పల్లకీకి ఉన్న తీరిక

పెళ్లి శుభలేఖో, గృహప్రవేశం పిలుపో, కాదంటే ఎవరో పోయారన్న కబురో లేకుండా చుట్టాలింటి గడప తొక్కడం అరుదైపోయింది. చెప్పాపెట్టకుండా పిల్లాజెల్లాతో దిగితే ఇంటివాళ్లే కంగారు పడుతున్నారు. మంచినీళ్లు ఇచ్చాక మెల్లగా పక్కకు పిలిచి, ‘అంతా బాగుండారు గదా?’ అని అడుగుతారు. చూసిపోదామని వచ్చామంటే సగమే నమ్ముతారు. మిగతా సగం నమ్మకం భోజనాల వేళకు గానీ కుదరదు.

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ నంద్యాలకు వచ్చే కుటుంబాలనే చూడండి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు. కడప వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలయ్యాక సిరివెళ్ల మీదుగా గంటలోపే చేరుకోవచ్చు. దారి సులువైన కొద్దీ మకాం పెరగాలి. జరిగింది మాత్రం తలకిందులు. నంద్యాలలో చిన్నమ్మ ఇంట్లో టిఫిను, మహానందిలో దర్శనం, సిరివెళ్లలో పెదనాన్నకు ఒక నమస్కారం, ఆళ్లగడ్డలో మేనత్త చేతి భోజనం, అహోబిలం కొండ ముందర ఒక ఫోటో. పొద్దుగూకేసరికి బండి మళ్లీ హైవే ఎక్కుతుంది. హాజరుపట్టీ మీద సంతకాలు చేసుకుంటూ పోయినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇవే ఊళ్లలో, ఇదే దినాన్ని తొందర లేకుండా గడపడం కష్టమేమీ కాదు. పొద్దున్నే ఉగ్గాని. బొరుగులు నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, పచ్చిమిరప, ఉల్లిగడ్డ తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండి దించుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గానిగా లెక్కలోకి రాదు. తిన్నాక మహానంది. నల్లమల కిందుగా ఉన్న ఆ కోనేట్లో అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనిపించేంత తేట నీరు. ఊట నీరు కాబట్టి జనవరి చలిలో గోరువెచ్చగా తగులుతుంది. గుడిలోంచి బయటికి పారి అరటి తోటలకు, వరి మళ్లకు పోతుంది. పెద్దల దర్శనం పది నిమిషాల్లో అవుతుంది గానీ పిల్లలు నీళ్లలోంచి గంటకైనా లేవరు. లేపకపోతేనే మేలు. పెద్దయ్యాక వాళ్లకు గుర్తుండేది ఆ గంటే.

మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక చేనికి పోవాలి. జనవరిలో ఇక్కడి నల్లరేగడి నిండా శనగ. కాయ గట్టిపడక ముందు, గింజ పచ్చగా ఉండగానే మొక్క పీకి, అక్కడే గట్టు మీద కూర్చుని ఒలుచుకుని తింటారు. కాయను నొక్కితే టప్‌మని చిన్న చప్పుడు, లోపల ఒకటో రెండో గింజలు. శనగాకు మీద పులుపు ఊరుతుంది. నాలుగు మొక్కలు ఒలిచేసరికి వేళ్లు పుల్లబడతాయి, పెదవుల చివర చురుక్కుమంటుంది. నగరంలో పుట్టిన పిల్లవాడు ఆ వేళ్లు నాకి మొహం చిట్లించి మళ్లీ నాకుతాడు. మామ మాత్రం గింజల కంటే మొక్క ఎత్తు గురించే ఎక్కువ మాట్లాడతాడు. కోత యంత్రానికి అందేలా నిటారుగా పెరిగే ధీర రకం శనగ, అధికారిక పేరు ఎన్‌బిఇజి 47, నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలోనే పుట్టింది. ‘వంగి కోసేటోళ్లు యాడుండారబ్బీ, మీరంతా పట్నం పోతిరి గదా’ అంటాడు. ఆ మాటలో నిష్ఠూరం పావు వంతు ఉంటే ఉండొచ్చు.

సాయంత్రం అరుగు మీద రాజకీయం తప్పదు. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిని గెలిపించింది నంద్యాల ఒక్కటే. ఆ ఏడాదే ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావుకు ఇక్కడ వచ్చిన ఆధిక్యం 5 లక్షల 80 వేలు. తెలుగు బిడ్డ ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థినే నిలపలేదు. ఈ సంగతులు ప్రతి సెలవులకూ చెబుతారు, ప్రతిసారీ కొత్తగానే చెబుతారు. వినేవాళ్లు మాత్రం ఫోను లోపల పెట్టాలి.

ఆళ్లగడ్డలో ఇంకో సుఖం ఉంది. శిల్పుల పనిచోట్లు రోడ్డు పక్కనే. సగం చెక్కిన ఆంజనేయుడు, ముఖం ఇంకా తేలని అమ్మవారు, వెల్లకిలా పడుకోబెట్టిన నంది, అందరి మీదా ఒకటే తెల్లటి రాతి పొడి. ఉలి చప్పుడుతో పాటు ఇప్పుడు కరెంటు కోత మిషన్ల రొద కూడా కలిసింది. చూడటానికి టికెట్టు లేదు, పొమ్మనేవారూ లేరు. పని చేసుకునేవాళ్లకు అడ్డం రాకుండా నిలబడితే చాలు.

ఇంత తీరిక ఎవరి చలవ? ఈ ప్రశ్న అడగకుండా చుట్టరికాల గురించి ముచ్చటగా రాయడం సులువు. వచ్చినవాళ్లకు సెలవు దినమైతే ఇంటి ఆడవాళ్లకు అది రెట్టింపు పని దినం. పూటకూళ్లకు వచ్చినట్టు వచ్చి పోయే చుట్టానికి నాటుకోడి, సంగటి, ఓళిగలు అన్నీ ఆ ఒక్క పూటలోనే జరిగిపోవాలి. తెల్లవారుజామున మొదలైన పొయ్యి మధ్యాహ్నం దాకా ఆరదు. వడ్డించే మేనత్త ముద్ద నోట్లో పెట్టుకునేసరికి చుట్టాలు చేతులు కడుక్కుని కారు తాళాలు వెతుక్కుంటుంటారు. ఆమెతో నాలుగు మాటలు మాట్లాడిందెవరు? ఆమెను చూడటానికే వచ్చామంటారు, చూసింది ఆమె వడ్డించిన విస్తరిని.

రెండో రోజు ఉంటే కథ మారుతుంది. చుట్టం మీది మర్యాద మొదటి రాత్రికే కరిగిపోతుంది. పొద్దున్నే జొన్నరొట్టె, బుడ్డల ఊరిబిండి చాలు. వదిన తెల్లగడ్డలు ఒలుస్తుంది, బావ నీళ్ల బిందె దించుతాడు, పట్నం అల్లుడు ఎవరూ చెప్పకుండానే చీపురు అందుకుంటాడు. అందుకోకపోతే అందించాలి. మేనత్త అప్పుడు కాళ్లు చాపి కూర్చుంటుంది. మొన్నటి జ్వరం సంగతి, పొలం గట్టు తగాదా, ఫోన్లో చెప్పలేక దాచుకున్న ఇంకో మాట అప్పుడు బయటికి వస్తాయి. ఒక పూట రాక వల్ల ఇంటికి భారం తప్ప ఒరిగేది తక్కువ. రెండో రోజు ఉన్నవాడే చుట్టం.

ఈ లెక్క ఈ ప్రాంతానికి దేవుడే నేర్పాడు. ఏటా కనుమ నాడు అహోబిలం నుంచి పారువేట బయల్దేరుతుంది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాద వరదుడు ఒకే పల్లకీలో కూర్చుంటారు. చెంచులు లాంఛనంగా బాణాలు వేసి సాగనంపుతారు. చెంచులక్ష్మిని కట్టుకున్నాడు గనక వాళ్లకు నరసింహుడు అల్లుడే. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి పిలవడానికి స్వామి తానే ఊరూరూ తిరుగుతాడని నమ్మకం. ముప్పైకి పైగా ఊళ్లు, నలభై రోజులు దాటిన ప్రయాణం. ఊరి ‘తెలుపు’ అనే అరుగు మీద పల్లకీ దిగుతుంది, ఇంటింటి పూజా అందుతుంది, రాత్రి అక్కడే బస. ముల్లోకాలూ చూసుకోవలసినవాడికి అంత తీరిక దొరికింది. శనివారం వచ్చి ఆదివారం పోయే మనకు దొరకడం లేదు.

ఆ పల్లెల్లో చాలా చోట్ల అసలు పండగ పల్లకీ వచ్చిన రోజే. కొత్త బట్టలు, ఇంటి ఆడబిడ్డలు, అల్లుళ్ల రాక అంతా ఆ తేదీకే. సంక్రాంతికి రైల్లో సీటు దొరకలేదని సాకు చెప్పేవారికి ఇంతకంటే మంచి అవకాశం లేదు. పల్లకీ ఏ ఊరికి ఏ రోజు వస్తుందో ముందే తెలుస్తుంది. ఆ వైపు మేనత్తో, పెద్దమ్మో, చిన్నాయనో ఉన్నవారు ఇప్పుడే ఒక ఫోను చేసి వాళ్ల ఊరి తేదీ కనుక్కోండి. సెలవు చీటీలో ఒక రోజు కాదు, రెండు రోజులు రాయండి.