మట్టిలో దాచిన తలాంతు

సొలొమోను జ్ఞానం గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే ఆ జ్ఞానంలో ఏమేం ఉన్నాయో చెప్పే వచనాలను మాత్రం తొందరగా దాటేస్తాం. ఆయన మూడు వేల సామెతలు చెప్పాడనీ, 1005 కీర్తనలు రచించాడనీ, లెబానోను దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు దాకా చెట్ల గురించీ, జంతువులు, పక్షులు, చేపల గురించీ వివరించాడనీ మొదటి రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉంది. సామెతల్లో ఉన్నది తత్వం. కీర్తనల్లో ఉన్నది కవిత్వం. చెట్టునూ పిట్టనూ పరిశీలించడం శాస్త్రం. ఈ మూడూ దేవుడిచ్చిన జ్ఞానంలోనివే అని బైబిలు చెబుతుంటే, మన పిల్లల చేతుల్లో కవి కథో, శాస్త్రవేత్త జీవితచరిత్రో కనబడగానే మన ముఖాలు ఎందుకు మారతాయి?

ఈ ప్రశ్న ముందుగా నాకే వేసుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట నేను సేవ చేసిన ఒక సంఘంలో ఇంటర్మీడియెట్ చదివే కుర్రవాడు ఆరాధన అయ్యాక తన నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. నిండా పద్యాలే. నేను రెండు పేజీలు తిప్పి, "ఇవన్నీ లోక సంబంధమైనవి బాబూ, బైబిలు బాగా చదువు" అని తిరిగి ఇచ్చేశాను. చాలాకాలం తర్వాత జహీరాబాద్ బస్టాండులో కలిశాడు. ఇంకా రాస్తున్నావా అని అడిగితే, "ఆరోజే మానేశానయ్యగారూ" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నన్ను ఇంకా బాధిస్తోంది.

ప్రతిభావంతుల జీవితాలు చెప్పే మూడు పుస్తకాలను ఆ తర్వాతే శ్రద్ధగా చదివాను. మొదటిది గుర్రం జాషువా పద్యాల్లో రాసుకున్న ఆత్మకథ 'నా కథ'. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ కవిని అంటరానివాడని ఊరు దూరం పెట్టింది. హిందూ పురాణ కథలతో కావ్యాలు రాస్తున్నాడని సంఘ పెద్దలూ దూరం పెట్టారు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందని, దాని చేత శివుడికి కబురు పంపే 'గబ్బిలం' కావ్యాన్ని 1941లో ఆయన వెలువరించాడు. ఏసు ప్రభువు జీవితాన్ని తెలుగు పద్యాల్లో పాడిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ పద్యాలు నేడు మన క్రిస్మస్ వేదికల మీద గర్వంగా పాడుకుంటాం. పెద్దల మాట విని ఆయన కలం కింద పెట్టేసి ఉంటే మనకు ఆ కావ్యం ఉండేదా?

రెండోది యల్లాప్రగడ సుబ్బారావు జీవితంపై ఎస్.పి.కె. గుప్తా ఇంగ్లీషులో రాసిన గ్రంథం. ఆయన కూడా 1895లోనే, భీమవరంలో పుట్టాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఇద్దరు సోదరులను రోజుల వ్యవధిలో తీసుకుపోయింది. 1923లో అమెరికా వెళ్లి, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డులో చదివాడు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. అది స్ప్రూ రోగులకు మందయింది. కేన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, మన పల్లెల్లో బోదకాలు నివారణకు మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆ బృందం కృషి ఫలితాలే. 1948లో ఆయన కన్నుమూసేనాటికి సొంత దేశంలోనే ఆయన పేరు తెలిసినవారు తక్కువ.

మూడోది సర్వేపల్లి రాధాకృష్ణన్ జీవితాన్ని ఆయన కుమారుడు, చరిత్రకారుడు గోపాల్ రాసిన పుస్తకం. పేదరికంలో ఉన్న ఆ విద్యార్థి తత్వశాస్త్రం ఎందుకు తీసుకున్నాడో తెలుసా? చదువు ముగించిన బంధువు ఒకరు తన పాత తత్వశాస్త్ర పుస్తకాలు ఉచితంగా ఇచ్చాడు, అంతే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో మిషనరీలు హిందూ చింతనను విమర్శించడం ఆయన మనసును గాయపరిచింది. దానికి జవాబుగా 1908లో వేదాంత నీతిశాస్త్రంపై పరిశోధన వ్యాసం రాశాడు. దాన్ని మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం ఇచ్చినవాడు ఎవరో కాదు, అదే కాలేజీలోని మిషనరీ అధ్యాపకుడు ఎ.జి. హాగ్. ఆయన తన విశ్వాసాన్ని దాచుకోలేదు, శిష్యుడి ప్రతిభనూ తొక్కేయలేదు. నాకు ఆ గుండె ఎందుకు లేకపోయిందని సిగ్గుపడ్డాను.

"వీరిలో ఇద్దరు విశ్వాసులు కారు కదా అయ్యగారూ" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే దేవుడు మంచివారి మీదా చెడ్డవారి మీదా ఒకే సూర్యుణ్ణి ఉదయింపజేస్తాడని ప్రభువే కొండమీద చెప్పాడు. వేదాంత కళాశాలలో మేము దీన్నే సామాన్య కృప అని చదువుకున్నాం. యెరూషలేము మందిరానికి ఇత్తడి స్తంభాలు పోత పోసినవాడి తండ్రి తూరు పట్టణస్థుడు. ఏథెన్సులో పౌలు సువార్త చెబుతూ గ్రీకు కవుల మాటలు ఎత్తి చూపాడు, అంటే చదివాడనే కదా! చెరలో మరణం ఎదురుచూస్తూ కూడా తిమోతిని పుస్తకాలు తెమ్మని కోరాడు.

అలాగని మేధావిని దేవుణ్ణి చేయకూడదు. అంత జ్ఞానం ఉన్న సొలొమోను హృదయం ముసలితనంలో తొలగిపోయిందని అదే రాజుల గ్రంథం పదకొండో అధ్యాయం దాచకుండా చెబుతోంది. ప్రతిభ మనిషిని రక్షించదు. కానీ రక్షించదు గనుక అది పనికిరానిదని అనడం, ఇచ్చినవాణ్ణి అవమానించడమే.

మా మొగుడంపల్లి పిల్లలు ఇంట్లో తెలుగు, అంగట్లో ఉర్దూ, సరిహద్దు దాటితే కన్నడం మాట్లాడతారు. అంత నేర్పున్న నాలుకకు మనం వారానికి ఒక కంఠత వాక్యం తప్ప ఏమిస్తున్నాం? ఆలుగడ్డ విత్తనం మన ఎర్రమట్టిలో పాతితే మొలకెత్తుతుంది. తలాంతు పాతితే మొలకెత్తదు, యజమాని వచ్చి అడిగేదాకా అలాగే పడి ఉంటుంది. మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలోని ఆ దాసుడు తన తలాంతునే పాతిపెట్టాడు. నేను మరొకరి తలాంతును పాతిపెట్టించాను. నా లెక్క ఇంకా కష్టమైనది.

అందుకే ఒక మనవి. ప్రతి చర్చిలో పాటల పుస్తకాల బీరువాలో ఒక్క అర ఖాళీ చేయండి. మీ పిల్లలు చదివేసిన పుస్తకాలు, కవుల, శాస్త్రవేత్తల జీవితచరిత్రలు అక్కడ పెట్టండి. రాధాకృష్ణన్‌కు దొరికినవి పాత పుస్తకాలేనని మరవకండి. రేపు ఎవరైనా బిడ్డ నోటుపుస్తకం తెచ్చి మీ ముందు నిలబడితే, రెండు పేజీలు కాదు, చివరిదాకా చదవండి. ఆ బస్టాండు కుర్రవాడికి ఇప్పుడు పిల్లలున్నారు. మొదటి పుస్తకం వాళ్లకే ఇస్తాను.