నాలుగు రోజుల కట్టెల పనికి ఇంటికో మిషనా?

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత పది రోజులు ఉద్దానంలో మంచినీళ్ల తర్వాత మనం వెతికింది రంపం మిషను కోసమే. కొబ్బరి, జీడి, పనస మానులు దారులకీ ఇళ్లకీ అడ్డంగా పడి ఉన్నాయి. మిషను ఉన్నవాడు అడిగిందే కూలి. ఆ అవస్థ పడ్డాక మా వీధిలో నలుగురైదుగురు మిషన్లు కొన్నారు. నేనూ కొన్నాను, అప్పు చేసి.

కొన్నది 58 సీసీ మిషను. తక్కువ ధరకి పెద్ద నంబరు వస్తోందని కొన్నాను. పేరు తెలిసిన కంపెనీ కాదు. మొదటి నెల బాగానే కోసింది. తర్వాత ట్యాంకులో పెట్రోలు ఉండగానే పాకలో పెట్టేశాను. ఎనిమిది నెలలకి తీస్తే తాడు లాగి లాగి భుజం నొప్పే గాని స్టార్టు కాలేదు. అమ్మిన దుకాణంలో పార్టు లేదన్నారు. తెప్పిస్తామన్నారు, తెప్పించలేదు. వాయిదాలు మాత్రం ఆగలేదు.

నా అవసరం ఏమిటో అప్పుడు లెక్క వేసుకున్నాను. ఎండిన జీడి కొమ్మలు, ఏడాదికి ఒకటో రెండో పడిపోయే కొబ్బరి మానులు, ఇంట్లో శుభకార్యం ఉంటే పొయ్యి కట్టెలు. మొత్తం నాలుగు రోజులు. దానికి ఆరు కిలోల బరువున్న మిషను ఎందుకు? అర అడుగు, అడుగు మందం దుంగలకి 35 నుంచి 40 సీసీ, 14 లేదా 16 అంగుళాల బ్లేడు చాలు. బరువు కిలోన్నర తగ్గినా సాయంత్రానికి చేతులకి ఆ తేడా తెలుస్తుంది. అలిసిన చేతిలోనే ప్రమాదం జరుగుతుంది. సీసీ కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: చెయిను, ప్లగ్గు, కార్బొరేటరు మన మండలంలో దొరుకుతాయా, బాగుచేసే మెకానిక్ ఉన్నాడా? లేడంటే ఎంత చవకైనా ఆ మిషను వద్దు.

అప్పుడప్పుడు వాడేవాడి మిషను అరిగి పాడవదు, ఊరికే ఉండి పాడవుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది మన చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి వచ్చేదే కాబట్టి దానిమీద నాకు కోపం లేదు. కానీ అది గాలిలో తేమని పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే కార్బొరేటరు పట్టేస్తుంది. పని అయిపోగానే ట్యాంకు ఒంపేసి, మిషను దానంతట అది ఆగేదాకా నడిపి, అప్పుడు పెట్టాలి. ఆయిలు కలిపిన పెట్రోలు ఏ పూటకి ఆ పూట కలుపుకోవాలి. లీటరుకి ఎంత టూ-టీ ఆయిలో మిషనుతో ఇచ్చిన కాగితంలో ఉంటుంది. కొన్నిటికి 20 మిల్లీలీటర్లు, కొన్నిటికి 40. పక్కింటాయన కొలత మన మిషనుకి పనికిరాదు.

కొబ్బరి మాను కోసేవాళ్లకి ఇంకో మాట. దాని పైపొర గట్టిది, చెయిను పదును తొందరగా తినేస్తుంది. పొట్టు పిండిలా రాలుతోందంటే పదును పోయినట్టే, ముక్కలుగా రాలాలి. అప్పుడు బలం పెట్టి నొక్కకుండా ఆపి, ఆకురాయితో పది నిమిషాలు పదును పెట్టుకోవాలి.

ఇంటి పెరట్లోనే పని అయితే కరెంటు మిషను మంచిదని నా అభిప్రాయం. పెట్రోలు గొడవ లేదు, ఏడాది తర్వాత తీసినా తిరుగుతుంది. తోటలోకి తీగ లాగడం మాత్రం కుదరదు, తడిలో అసలు వాడకూడదు.

భయపెట్టడానికి కాదు గాని, బ్లేడు కొస పైభాగం మరో కొమ్మకి తగిలిందంటే మిషను ఒక్కసారిగా మొహం మీదికి తన్నుతుంది. చెయిన్ బ్రేకు లేని మిషను ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. భుజం కన్నా పైకెత్తి కోయొద్దు, నిచ్చెనెక్కి కోయొద్దు. లుంగీ మీద, హవాయి చెప్పులతో కోసేవాళ్లని మన ఊళ్లలో రోజూ చూస్తున్నాం. కళ్లద్దాలు, బూట్లు, గట్టి ప్యాంటు మిషను ధరలో భాగమనుకోవాలి. పచ్చని చెట్టు కొట్టాలంటే సొంత భూమిలోదైనా 2002 నాటి వాల్టా చట్టం ఉంది. మినహాయింపు లేని రకమైతే అనుమతి తీసుకున్నాకే చెయ్యి వెయ్యాలి.

ఇంతకీ నేను అనేది, నాలుగు రోజుల పనికి ఏ రైతూ ఒంటరిగా మిషను కొనొద్దని. మేం ఐదు ఇళ్లవాళ్లం కలిసి రెండేళ్ల కిందట ఒక చిన్న మిషను కొన్నాం. నడిపేది ఇద్దరే, ఇద్దరూ ఇంతకుముందు గొడ్డలితో కట్టెలు కొట్టినవాళ్లే. మిషను వస్తే వాళ్ల కూలి పోతుందని మొదట్లో గొడవ జరిగింది, అది న్యాయమైన గొడవే. అందుకే మిషను వాళ్ల చేతికిచ్చి రోజుకూలి ఖాయం చేశాం. వాడిన ఇంటివాళ్లు చెయిను, ఆయిలు ఖర్చు పెట్టుకోవాలి.

తుపాను వస్తే ఈ ఒక్క మిషను ఏ మూలకీ చాలదు. యంత్రాల అద్దె కేంద్రాలకి సబ్సిడీ మీద ట్రాక్టర్లు, రోటావేటర్లు ఇస్తున్నారు. తీర మండలాల్లో ప్రతి కేంద్రంలో రెండు రంపం మిషన్లు, రక్షణ సామగ్రి, నేర్పిన మనిషి ఉండాలని సంఘం ఎందుకు అడగకూడదు? తుపాన్ల కాలం అక్టోబరులో ముదురుతుంది. అర్జీ సెప్టెంబరులోపే వ్యవసాయ అధికారుల చేతిలో పడాలి. వచ్చే మండల సమావేశంలో ఈ తీర్మానం నేను పెడతాను. పాత 58 సీసీ మిషనుని కూడా తెస్తాను. ఎవరికైనా దాని కార్బొరేటరు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.