బిగ్గరగా చదివితే సైన్సు వస్తుందా?

రెండో తరగతి పిల్లలకి సైన్సు మొదలుపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు, అందరూ కలిసి బిగ్గరగా చదువుకునే ఓ కథల పుస్తకం చాలునంటే మా హాస్టల్లో బి.యస్సీ. మిత్రులు నవ్వారు. "అది తెలుగు మాస్టారి పనిరా!" అన్నారు. కాదని నా వాదన.

ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో, ఊరి బడిలో, ఎరిక్ కార్ల్ 1969లో బొమ్మలు వేసి రాసిన ఆకలి గొంగళిపురుగు కథని అప్పటికప్పుడు తెలుగు చేస్తూ చదివాను. నేనో వాక్యం అనడం, పిల్లలు అందుకోవడం. చివర్న పురుగు చుట్టూ గూడు కట్టుకుని సీతాకోకచిలుకై బయటికొస్తుంది. వెనక వరసలో ఓ పాప లేచి, "గూడేం ఉండదండీ. మా కరివేపాకు చెట్టు మీద చూశాను" అంది.

"పుస్తకంలో ఉందిగా, కూర్చో" అన్నాను. సైన్సు విద్యార్థినై ఉండీ ఆ మాట ఎలా అన్నానో!

మర్నాడు అందరం ఆ చెట్టు దగ్గరికి వెళ్లాం. చిన్న పురుగులు అచ్చం పిట్టరెట్టల్లా ఉన్నాయి (పిట్టల్నే మోసగించే వేషమది!), పెద్దవి ఆకుపచ్చగా ఉన్నాయి. ఒకటి మాత్రం ప్యూపాగా మారి, నడుముకి సన్నని దారం బిగించుకుని కొమ్మకి ఆనుకుంది. చుట్టూ గూడు లేదు. గూడల్లేది పట్టుపురుగు. పాపే గెలిచింది.

ఎవరికి వారు మనసులో చదువుకుని ఉంటే ఆ పాప నోరు విప్పేదా? అలాగని గడగడా చదివించి గంట కొట్టేస్తే లాభం లేదు. పిల్ల అడ్డు తగిలిన చోట పుస్తకం మూయాలి.

ఆ గూడు బొమ్మ పక్కనే పిల్లలు పెన్సిలుతో ప్యూపా వేశారు. లైబ్రరీకి జరిమానా కట్టింది మాత్రం నేనే.