అప్పడమూ, కుర్చీయూ

పోయిన నెల మా ఆఫీసులో ఉద్యోగస్థులకు వైద్యపరీక్ష జరిగినది. నాకు నొప్పి లేదు, ఆయాసం లేదు. నలుగురితో పాటు నేనూ చెయ్యి చాపాను. డాక్టరుగారు పట్టీ కట్టి చూచి "160, 100" అన్నారు. మరునాడు మళ్లీ చూచినా అదే లెక్క. 140, 90 దాటి నిలిస్తే రక్తపోటు క్రిందనే జమ.

"నాకేమీ తెలియడం లేదే!" అన్నాను.

"మీకు తెలియదు. గుండెకు తెలుస్తూనే వుంటుంది" అన్నారాయన.

ఏమి తింటారని అడిగారు. గిరిసోలవాణ్ణి, ఏమని చెప్పను? 1936లో వేరే రాష్ట్రం ఏర్పడి మనం ఒరిస్సా వైపు వచ్చాం గాని, ఆవకాయ జాడీ మనలను విడిచిపోలేదు. దానికి తోడు బరంపురం అప్పడాలు! ఉప్పు సరే, అప్పడాలలో వేసే కారంలోనూ సోడియం వున్నది. అది ఒంటిలో నీటిని పట్టి వుంచుతుంది; నెత్తురు పరిమాణం పెరిగి గుండెకు చాకిరీ హెచ్చుతుంది. పెద్దవారికి రోజు మొత్తం మీద 5 గ్రాముల లోపు, అనగా ఒక టీ చెంచాడు ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇది వినగానే మా ఇంటావిడ చిన్నబుచ్చుకున్నది. "ఇన్నేళ్లూ నా చేత్తో నేనే మీకు చెరుపు చేశానా అండీ?" అన్నది. ఆ మాటకు నా ప్రాణం చివుక్కుమన్నది. చివరకు ఇద్దరం రాజీకి వచ్చాం: ఊరగాయ నంజుకున్ననాడు అప్పడం లేదు, అప్పడం కాల్చిన నాడు ఊరగాయ లేదు. మజ్జిగలో ఉప్పుకు బదులు నిమ్మరసం, కరివేపాకు.

రెండవ ముద్దాయి నా కుర్చీ. 1953లో జెర్రీ మారిస్ అనే వైద్యుడు లండను బస్సు ఉద్యోగులను పరిశీలించి ప్రకటించాడు: కూర్చుండి బండి నడిపే డ్రైవర్ల కంటె, మేడబస్సు మెట్లు రోజల్లా ఎక్కి దిగే కండక్టర్లకు గుండెపోట్లు తక్కువ. తపాలా శాఖలోనూ అంతే. ఉత్తరాలు పంచే బంట్రోతు కంటె బల్ల దగ్గరి గుమాస్తాకే ప్రమాదం ఎక్కువ. గుమాస్తా సోదరులారా, ఇది మన సంగతే! అందుచేత బరంపురంలో నేను ముందుగానే బస్సు దిగి, రోజూ అరగంట చురుకుగా నడుస్తున్నాను.

ఉప్పు తగ్గించాము గదా అని మాత్ర మానరాదు. ఛాతీలో నొప్పి, బిగువు, చెమటలు పట్టితే "గ్యాసు" అనుకొని సోడా తాగి కూర్చోకండి. వెంటనే 108కి ఫోను చేయండి.

ఈ నెల నా లెక్క 146, 94. ఇంకా దిగవలసి వున్నది. మీ లెక్క మీకు తెలుసునా? తెలియకపోతే, ఇంటిలో పెద్దవారందరూ ఈ వారమే ఒకసారి చెయ్యి చాపి చూపించుకోండి.