ముందు బోర్డు, తర్వాతే పాఠాలు
మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుందామనుకునే వాళ్లకు ఇవాళ పాఠాల కరువేమీ లేదు. దేన్ని పట్టుకోవాలో తేలకపోవడమే అసలు చిక్కు. పది వీడియో కోర్సులు సేవ్ చేసుకుని ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలిగించని వాళ్లు చాలామందే ఉన్నారు. నన్నడిగితే, హైదరాబాద్ కోఠి ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే ఆర్డుయినో ఊనో బోర్డు ఒకటి కొనుక్కోండి చాలు. తొలి పాఠాలు దాని సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. ఎగ్జాంపుల్స్‌లో ‘బ్లింక్’ తెరిచి, రెండు చోట్లా ఉన్న డిలే 1000ని 100 చేసి బోర్డులోకి ఎక్కించండి. నింపాదిగా వెలిగి ఆరే దీపం టపటపా కొట్టుకుంటుంది. తర్వాత ఆ దీపానికి కలిపి ఉన్న 13వ పిన్నును రెడీమేడ్ ఫంక్షన్లు లేకుండా వెలిగించబోతే డేటాషీట్ తెరవక తప్పదు. ఊనో మీదుండే చిప్ ఏట్‌మెగా 328పి డేటాషీట్ వందల పేజీలుంటుంది, బెదరొద్దు. ఆ పిన్నును నడిపే డీడీఆర్‌బీ, పోర్ట్‌బీ రిజిస్టర్ల సంగతి చెప్పే నాలుగు పేజీలతో పని గడుస్తుంది. 1980 నాటి 8051 మైక్రోకంట్రోలర్‌ని నల్లబల్ల మీద గీసి బట్టీ పట్టించే చదువు పరీక్ష గట్టెక్కిస్తుందేమో గానీ, ఊనోలోని 2 కిలోబైట్ల ర్యామ్‌తో పొదుపుగా కాపురం చేయడం నేర్పదు. అది వైరు తప్పు పెట్టి, ఎర్రర్ చదివి, తనే సరిదిద్దుకున్నవాడికే అబ్బుతుంది.