యంత్రం చెప్పిందే తుది తీర్పా?

ఈసీజీ యంత్రం గుండె గీతలతో పాటు వ్యాధి పేరును కూడా ముద్రిస్తోంది. హృద్రోగ నిపుణులు లేని చిన్న ఆసుపత్రులకు ఇది వరమే. అయితే యంత్రం పొరబడితే వైద్యుడు సైతం దాని వెంటే నడిచే ప్రమాదముంది.

2004లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను 382 మంది రోగులకు కంప్యూటర్ అంటగట్టినట్లు తేలింది. వారిలో 92 మంది విషయంలో పొరపాటును వైద్యులు సరిదిద్దలేదు. ఫలితంగా గుండె లయను సవరించే మందులు, రక్తస్రావం ముప్పున్న రక్తం పలుచబరిచే మందులు అనవసరంగా వాడారు.

అందుకే యంత్రం రాతను మళ్లీ పరిశీలించే భారం నిపుణులపైనే మిగులుతోంది. గీతలను ముందుగా వైద్యుడు చదివి, ఆ తర్వాతే ముద్రిత ఫలితంతో పోల్చుకోవాలి. ఛాతీనొప్పితో వచ్చిన రోగికి 'నార్మల్' అన్న ముద్ర ఒక్కటే భరోసా కాదు.